తొగరపాళెంలో పూడ్చని బీట

1వ రోజు

ఈ పుస్తకం అట్ట లోపల మూడు సూచనలు అచ్చువేసి ఉన్నాయి. కొట్టివేతలు ఉండరాదు. పేజీలు చించరాదు. సొంత అభిప్రాయాలు రాయరాదు. మొదటి రెండూ తప్పకుండా పాటిస్తాను. మూడోది రాసినాయన డెబ్బై నాలుగేళ్ళ మనిషిని ఎప్పుడూ చూసి ఉండడు.

నేను మాలకొండయ్యను. తొగరపాళెం దినచర్య రాసే పని నాది. బొమ్మల్నీ గొంతుల్నీ ఎవరు పడితే వాళ్ళు పుట్టించే కాలం వచ్చాక కోర్టులు మళ్ళీ చేతిరాతను నమ్మడం మొదలుపెట్టాయి. ఊరికొక పుస్తకం, ఊరికొక చెయ్యి. నేను బడికి పోయింది రెండేళ్ళు. మిగతా చదువంతా పంచాయతీ ఆఫీసుకు అంటించిన నోటీసుల్లోనే సాగింది. మామూలు మనుషులు ‘కాబట్టి’ అనే చోట నాకు ‘అయినందున’ అని వస్తుంది.

ఈ రోజు పొద్దున ఎనిమిదింటికి తూనీగ వచ్చింది, అంటే గోడలు చూసే సర్కారు ఎగిరే యంత్రం. జానెడు పొడుగు, నాలుగు రెక్కలు, ముందు రెండు గాజు కళ్ళు. దాని వెనకే కారులో గనుల తనిఖీ అధికారిణి షాహీన్ మేడమ్ దిగి నోటీసు చదివింది. సారం ఇది. మా ఊరి కింద బ్యాటరీ రాయి ఉంది. దాన్ని తొలిచే యంత్రాలను మా వాళ్ళు ఉడుములంటారు. వాటితో మనిషి ఉండడు. ఏడేళ్ళుగా అవి ఊరి తూర్పు పొలిమేర దాకా వచ్చి అక్కడక్కడే తిరుగుతున్నాయి. ఇప్పుడు కంపెనీ సరిగ్గా ఊరి కిందికి వస్తానంటోంది. అయినందున ప్రభుత్వం నలభై రోజుల పరిశీలన పెట్టింది. కనీసం మూడు ఇళ్ళ గోడల్లో, పది మిల్లీమీటర్లకు తగ్గని బీట, వరసగా ఇరవయ్యొక్క రోజులు తూనీగ కంటికి కనబడాలి. కనబడితే ఉడుములు వెనక్కి పోతాయి. కనబడకపోతే నష్టం లేనట్టే, ఊరి కిందికి వస్తాయి.

వస్తే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పోయినేడు వేములచేడు కిందికి వచ్చాయి. ఇప్పుడక్కడ ఊరు లేదు. ఒక పల్లం ఉంది, పల్లంలో నీళ్ళున్నాయి, నీళ్ళలో కొంగలున్నాయి.

మా సర్పంచి చెంచురామయ్య మాత్రం పగలబడి నవ్వాడు. “మూడిళ్ళేనా మేడమ్? మా తూరుపు వీధిలో బీట లేని ఇల్లు ఒకటి చూపించండి, నేను మీసం తీసేస్తా.”

“మీకు మీసమే లేదు కదండీ,” అంది షాహీన్ మేడమ్.

ఊరంతా నవ్వింది. పని ఆ నవ్వుతోనే అయిపోయిందనుకున్నాం.

3వ రోజు

ఉడుముల అదురుకు బిందెలో నీళ్ళు తెల్లారినప్పటి నుంచి వణుకుతున్నాయి. ఎవరూ పట్టించుకోరు. పాలు తోడుపెట్టే వాళ్ళు మాత్రం గిన్నె కింద పాతగుడ్డ మడిచి పెడతారు, లేకపోతే పెరుగు పేరుకోదు. నాకు అరికాళ్ళలో జుమ్ము. కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే నడవాలనిపిస్తుంది.

సిమెంటు కోటా ఆగిపోయి ముప్పై ఏళ్ళు. నలభై తొమ్మిది డిగ్రీల ఎండకు మట్టిగోడే చల్లదనమని జనానికి ఆ తర్వాతే తెలిసింది. తెలిశాక, అది ముందునుంచీ తమ తెలివే అన్నారు. గోడలు పూయడంలో మా ఆడవాళ్ళది చుట్టుపక్కల పేరున్న చెయ్యి. ఎర్రమన్ను, పేడ, చింతగింజల జిగురు. ఇంకో పట్టింపు కూడా ఉంది, అది మా ఊళ్ళోనే. గోడకు బీట కనబడితే సందె లోపల పూడ్చేయాలి. బీటకు ఎదురుగా దీపం పెట్టకూడదు. మా ముత్తాతలు అభ్రకం గనుల్లో పనిచేసిన వాళ్ళు. దీపం పట్టుకుని లోపలికి దిగినవాడికి కప్పులో బీట కనబడితే ఆలోచించకూడదు, పరుగెత్తాలి. గనులు మూతబడ్డాయి. భయం మాత్రం ఇంటికొచ్చి కాపురం పెట్టింది.

ఈ రోజు శుక్రవారం అయినందున కంపెనీ బండి వచ్చి ఇంటికొక బస్తా పూతమన్ను దించి పోయింది. ఊరి సంక్షేమం కింద ఉచితం. వెన్నలా మెత్తగా ఉంటుంది. బండిలోంచి ఒక ఆడగొంతు “మీ గోడలే మా గౌరవం” అంటుంది, వారం వారం అదే మాట.

“నీ గౌరవం ఇంకో బస్తా దించిపో!” అని మా పెంచలమ్మ వదినె వారం వారం అదే జవాబు చెబుతుంది. వదినె అంటే చనిపోయిన మా అన్న భార్య. డెబ్బై ఎనిమిదేళ్ళు. నడుం వంగి నాలుగున్నర అడుగులు కూడా ఉండదు. తూర్పు వీధిలో మొదటి ఇల్లు ఆమెది, ఉడుములకు అన్నిటికన్నా దగ్గర.

8వ రోజు

పంచాయతీ ఆఫీసు తెరపలక మీద మొదటి వారం లెక్క పడింది. చూసిన ఇళ్ళు అరవై రెండు. బీటలు సున్నా.

“దాని కళ్ళల్లో దుమ్ము గొట్ట!” అంది తూర్పు వీధి రవణమ్మ.

“కంపెనీ వాళ్ళు దాన్ని ఎప్పుడో కొనేసుంటారు,” అన్నాడు చెంచురామయ్య.

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. తూనీగ ఎటుపోతే అటు నడుస్తూ పోయాను. ఏడున్నరకు పడమట మొదలుపెట్టి, తొమ్మిదింటికి పెంచలమ్మ ఇంటి ముందు రెక్కలాడిస్తూ నిలబడింది. గోడ నున్నగా, తడిగా, మీగడ కట్టిన పాలలా ఉంది. తూనీగ అటొకసారి ఇటొకసారి చూసి, కళ్ళు పచ్చగా వెలిగించి పక్కింటికి పోయింది.

“వదినా, ఈడ బీట ఉండాల గదా?”

“ఎందుకు ల్యా? నా అరచెయ్యి దూరేంత ఉండె. పూసేస్తి.”

“ఎప్పుడు?”

“కోడి కూయంగానే. వచ్చేది గవుర్మెంటోళ్ళ కన్ను గదా. నెర్రెలిచ్చిన గోడ దాని ముందర పెట్టుకోని నిలబడమంటావా? మానం ల్యా మనకి?”

వీధి పొడవునా చూశాను. ప్రతి గోడా తడే. మామూలుగా శుక్రవారం పూసేవాళ్ళు తూనీగ వస్తుందని ఈ వారమంతా రోజూ పూశారు.

9వ రోజు

పంచాయతీ రేకుల షెడ్డు కింద అందర్నీ కూర్చోబెట్టి విషయం చెప్పాను. బీట ఉంది, మనమే దాచేస్తున్నాం, పూత ఆపండి అన్నాను. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు.

“ఏడేళ్ళ నుంచి మన్ను ఎందుకు ఊరికే ఇస్తుండారో ఇప్పుడు తెలిసిందా?” అన్నాడు దర్జీ ఖాదర్ బాషా.

“నీకు ముందే తెలిసినట్టు చెప్తుండావే. నీ పెళ్ళాం రెండు బస్తాలు దాచుకోనుండాది,” అంది రవణమ్మ.

చివరికి రేపటినుంచి ఎవరూ పూయకూడదని అందరూ ఒప్పుకున్నారు. వదినె మాత్రం గోళ్ళలో ఇరుక్కున్న ఎర్రమన్ను పుల్లతో తీసుకుంటూ కూర్చుంది.

12వ రోజు

బీటలు సున్నా.

విచారిస్తే తేలింది ఏమిటంటే, పూత ఆపాలని అందరూ నిజంగానే ఒప్పుకున్నారు. ఆపేది పక్కింటి వాళ్ళని అనుకున్నారు.

“అందరూ పూసుకోని నేనొక్కదాన్నే నెర్రెలేసుకోని కూసోవాల్నా? మా వియ్యంకులు వస్తుండారు,” అంది రవణమ్మ. “అయినా నీ ఇల్లెందుకు చూపియ్యవు మామా?”

అది న్యాయమైన ప్రశ్న. నా ఇల్లు ఊరికి పడమట చిన్న రాతిగుట్ట, రాతిబోడు మీద ఉంది. కట్టిన నాటినుంచి వెంట్రుకవాసి బీట రాలేదు. మా ఆవిడ బతికున్నంతకాలం దాన్ని చెప్పుకుని మురిసిపోయేది. ఇప్పుడు ఊళ్ళో ఆ గోడల మధ్య ఉండడానికి నాకే మొహమాటంగా ఉంది. నిన్న గునపం చేతికి తీసుకుని కొంతసేపు గోడవైపు చూశాను కూడా. తర్వాత గునపాన్ని దాని మూలలో పెట్టేశాను.

19వ రోజు

రేపటినుంచి కనబడకపోతే నలభయ్యో రోజుకి ఇరవయ్యొక్క రోజులు నిండవు. పది రోజులుగా కాళ్ళరిగేలా తిరిగితే రెండిళ్ళు దొరికాయి. ఖాదర్ బాషా, “నేను బట్టకి కుట్టేసేవాణ్ణి, గోడకి ఎయ్యకపోతే పొయ్యేదేముంది?” అన్నాడు. రవణమ్మ వియ్యంకులు వచ్చి వెళ్ళిపోయారు, అయినందున ఆమె కూడా ఒప్పుకుంది. మూడోది పెంచలమ్మ వదినెది కావాలి. ఇంకెవరూ ఒప్పుకోలేదు, తూనీగ నమ్మేంత బీట ఆ ఇంట్లో ఉంది.

సాయంత్రం వెళ్ళాను.

“మీ అన్న పొయ్యిన దినం గూడా నేను ఆ గోడ పూసి దీపం పెట్టినా,” అంది.

“తెలుసు వదినా.”

“నీకు తెలవదు. నువ్వు అరుగు మీద కూసోని ఏడుస్తుంటివి.” గోడ మీద అరచెయ్యి ఆనించి, “సరే. బీట ఉన్నన్ని దినాలు నేను దీపం పెట్టను. నువ్వు దినామూ సందేళ వచ్చి ఈ అరుగు మీద కూసోవాల. పెంచలమ్మ ఇంట్లో దీపం లేదేమని ఎవురన్నా అడిగితే నువ్వే జవాబు చెప్పాల. నా నోటితో చెప్పలేను,” అంది.

ఒప్పుకున్నాను. ఆమె కొడవలి తెచ్చి తన పూతను తనే గీకింది. ఏడేళ్ళ పొరలు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడ్డాయి. కిందనుంచి పైకి, పైకి పోయేకొద్దీ వెడల్పవుతూ బీట బయటపడింది. ఉక్కు స్కేలు పెట్టి కొలిచాను. పన్నెండు మిల్లీమీటర్లు.

వదినె ఆ పెచ్చుల్ని చేటలోకి ఎత్తి, పారెయ్యకుండా మూలన పెట్టుకుంది.

27వ రోజు

పలక మీద ఎనిమిది రోజులుగా మూడు అని ఉంది. ఊళ్ళో పలకరింపులు మారిపోయాయి.

“మీదెంత?”

“పదమూడున్నర. మీది?”

“పద్నాలుగు దాటింది.” ఈ మాట అనేటప్పుడు వదినె మెడ కొంచెం నిటారుగా లేస్తుంది.

కంపెనీ బండి శుక్రవారం ఇంటికి రెండు బస్తాలు దించింది. గొంతు కూడా మాట మార్చి, “మీ గోడలు అలిసిపోయినట్టున్నాయి” అంది. రోజూ సందేళ అరుగు మీద కూర్చుంటాను. వెనక ఇల్లు చీకటి. నేల వణికినప్పుడల్లా, ఇంకొంచెం, ఇంకొంచెం అని మనసులో అంటున్నాను. రోగం ముదిరితే బాగుండునని ఎదురుచూసే వైద్యుడెవడైనా ఉంటే వాడూ నాలాగే కాళ్ళు ఊపుతూ కూర్చుంటాడు.

31వ రోజు

షాహీన్ మేడమ్ స్వయంగా వచ్చింది. వదినె ఇచ్చిన మజ్జిగ తాగుతూ గోడవైపు చూసింది. గ్లాసు దించి మళ్ళీ చూసింది.

“పదిహేడు. ఇరవై దాటితే ఈ ఇల్లు ప్రమాదకరం అవుతుందండీ. అప్పుడు నేను ఖాళీ చేయించాలి. ఖాళీ చేస్తే అది నివాసం కాదు. నివాసం కానిది లెక్కలోకి రాదు.”

“అంటే పదికి తగ్గకూడదు, ఇరవై దాటకూడదా?” అన్నాడు చెంచురామయ్య.

“మనుషుల ప్రాణాల కోసం పెట్టిన రూలండీ.”

“మంచి రూలే. బాగా బతక్కూడదు, పూర్తిగా చావకూడదు.”

ఆమె తల దించుకుని, కొలత ఎక్కడ తీయాలో నాకు చూపించింది. ఆ ఇంట్లో ఉండే మనిషి కంటి ఎత్తులో కొలవాలట. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించిన మనిషే ఉండే మనిషి. వదినెను గోడ పక్కన నిలబెట్టి, ఆమె కళ్ళకు సరిగ్గా సుద్దతో గీత గీసింది. తూనీగ ఆ గీత దగ్గరే చూస్తుంది.

38వ రోజు

పొద్దున తూనీగ కొలత పంతొమ్మిది మీద నాలుగు. బీటలోంచి ఎండ గదిలో పడుతోంది. ఇటునుంచి చూస్తే అవతల వీధిలో పోయే కోడి కనబడుతుంది. గోడ పైభాగం లోపలికి ఒరిగిందని నా అనుమానం.

ఇంక నావల్ల కాలేదు. “వదినా, ఈ రెండు దినాలు నా ఇంటికి పో. ఈడ నేనుంటా,” అన్నాను. ఆమె నన్ను తిట్టిన తిట్లు అభిప్రాయాలు అయినందున రాయను. చివరికి మధ్యాహ్నం దాటాక, ఒక చీర, ఒక గరిటె తీసుకుని వెళ్ళింది.

రేపటినుంచి ఈ ఇంట్లో ఉండే మనిషిని నేనే అని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను. సాయంత్రం పొయ్యి వెలిగించి ఉప్మా చేసుకున్నాను. ఉప్మా గురించి కూడా ఏమీ రాయను.

39వ రోజు

ఏడింటినుంచి దుమ్ముగాలి. పది అడుగుల అవతల మనిషి కనబడడు. ఎనిమిదింటికి పలక మీద అక్షరాలు వచ్చాయి. తూనీగ ఎగరదు, ఈ రోజు కొలత దినచర్య పుస్తకం ప్రకారం.

స్కేలు తీసుకుని గోడ దగ్గర నిలబడ్డాను. సుద్దగీత దగ్గర పంతొమ్మిది మీద ఆరు. అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ గీత వదినె కంటి ఎత్తు. ఇంట్లో ఉండే మనిషిని నేను. నేను ఆమెకన్నా అడుగు పొడుగు. బీట పైకి పోయేకొద్దీ వెడల్పు. నా కంటి ఎత్తులో కొలిచాను. ఇరవయ్యొకటి.

నిన్నటి పేజీ తిప్పి చూశాను. ‘ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.’ ఎవరూ అడగలేదు. నోటీసుల్లో చదువుకున్నవాడికి ఒక మంచిపని చేస్తే దాన్ని నమోదు చేయకుండా ఉండడం చేతకాదు. ఈ పుస్తకంలో అనవసరపు వాక్యాలు వందలున్నాయి. ఊరిని ముంచేది ఇదొక్కటే. కొట్టివేతలు ఉండరాదు.

చెంచురామయ్య మొహానికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. విన్నాడు. “పంతొమ్మిదిన్నర అని రాసెయ్ పెద్దాయనా. గాల్లో ఎవురు చూస్తుండారు?”

“ఒక్క కొలత దొంగదైతే మిగతా ముప్పై ఎనిమిది దినాలూ దొంగవే అంటారబ్బయా.”

“అయితే నిజం రాసి అందరం కొంగల్ని చూస్తా కూసుందామా?”

గదిలో ఈ మూలనుంచి ఆ మూలకు నడుస్తున్నాను. నడిచినప్పుడల్లా గోడనుంచి మన్ను రాలుతోంది.

అంతలో రవణమ్మ చెయ్యి పట్టుకుని వదినె వచ్చింది. తలంతా దుమ్ము. సంగతి చెప్పాను. మధ్యలోనే ఆపింది.

“ఈ దినం పొయ్యి వెలిగిచ్చినావా?”

“లేదు వదినా. ఇంకా లేదు.”

“అయితే పక్కకి జరుగు.”

“గాలి చూడు. గోడ నిలవదు.”

“నువ్వు చేసిన ఉప్మాకే నిలబడిన గోడ. జరుగు.”

పొయ్యి ఆ గోడకు నాలుగడుగుల దూరం. ఆమె కూర్చుని కట్టెలు పేర్చింది. గాలి బీటలోంచి ఈల వేస్తూ వచ్చి రెండుసార్లు మంట ఆర్పింది. మూడోసారి అంటుకుంది. పప్పు పెట్టి, చింతచిగురు నలుపుతూ, ఎవరిమీదో తెలియని కోపంతో గొణుక్కుంటోంది. నిమ్మకాయంత మట్టిగడ్డ ఒకటి వచ్చి కుండ పక్కన పడింది. దాన్ని గరిటెతో అవతలికి తోసింది.

గోడకు పరదా కట్టకూడదు, కప్పితే బీట దాచినట్టవుతుంది. చెంచురామయ్య బయటికి పోయి ఏమని అరిచాడో గాలికి వినబడలేదు. బీటలోంచి చూస్తే వీధిలో మనుషుల వీపులు కనిపించాయి. గోడకు రెండడుగుల ఎడంగా, దాన్ని తాకకుండా, గాలికి ఎదురుగా వరసగా నిలబడ్డారు. ఖాదర్ బాషా, రవణమ్మ, రోజూ పూసుకున్న తూర్పు వీధి వాళ్ళందరూ. ఈల కొంచెం తగ్గింది.

పప్పు ఉడికేవరకు నలభై నిమిషాలు పట్టింది. ఇంత పొడుగు నలభై నిమిషాలు నేను ఎరగను.

ఆమె చేతులు తుడుచుకుని వచ్చి సుద్దగీత పక్కన నిలబడింది. పంతొమ్మిది మీద ఏడు.

39వ రోజు. ఇంట్లో ఉండే మనిషి, పొయ్యి వెలిగించిన మనిషి పెంచలమ్మ. కొలత 19.7. ఆమె సంతకం పక్కన ఉంది. ఆ మరక చింతచిగురుది.

42వ రోజు

నలభయ్యో రోజు తూనీగ మళ్ళీ ఎగిరి, వదినె గీత దగ్గర పంతొమ్మిది మీద తొమ్మిది చూసింది. నిన్న ఉత్తర్వు వచ్చింది. నష్టం రుజువైంది. ఉడుములు ఆరువందల మీటర్లు వెనక్కి పోవాలి. మూడేళ్ళు. ఆ తర్వాత కంపెనీ కోరితే మళ్ళీ పరిశీలన.

షాహీన్ మేడమ్ ఉత్తర్వు ఇచ్చిన చేత్తోనే వదినె ఇల్లు ఖాళీ చేయించి తలుపుకు సీలు వేసింది. ఈ మధ్యాహ్నం గాలీ లేదు, వణుకూ లేదు, ఆ గోడ తనంతట తాను కూర్చున్నట్టు కూలిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. వదినె నా ఇంటి గుమ్మంలోంచి ఆ దుమ్ము లేవడం చూసి, “పడిందా?” అని మాత్రం అడిగింది.

45వ రోజు

శుక్రవారం. తూర్పు వీధి పొడవునా పూత. ఎర్రమన్ను వాసన ఇక్కడిదాకా వస్తోంది.

వదినెకు కొత్త ఇల్లు ఊరంతా కలిసి కట్టాలని తీర్మానం అయింది. నా ఇంటి పక్కన రాతిబోడు మీద నేనే తాడు పట్టి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టించాను. చెంచురామయ్య పారతో సిద్ధంగా ఉన్నాడు. వదినె బిందెతో నీళ్ళు తెచ్చి మధ్యలో పెట్టి వంగి చూసింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

“ఈడ అసలు వణకదా?”

“వణకదు వదినా. నిశ్చింతగా పడుకోవచ్చు.”

“మూడేళ్ళకి వాళ్ళు మళ్ళా వస్తారు గదా?”

“వస్తారు.”

“మూడిళ్ళు చూపియ్యాల గదా. ఖాదర్‌ది ఒకటి, రవణమ్మది ఒకటి. మూడోదేది?”

“తూరుపు వీధిలో ఎవురో ఒకరు ఒప్పుకుంటార్లే. ఇప్పుడందరికీ తెలిసింది గదా.”

ఆమె తూర్పు వీధివైపు తల తిప్పి, ఆ తడి గోడలన్నీ ఒక్కొక్కటే చూసింది. నేనూ చూశాను. తర్వాత నా మొహం చూసింది. బిందె ఎత్తి చంకన పెట్టుకుని, మేకుల్ని దాటి, ఊళ్ళోకి నడవడం మొదలుపెట్టింది. నేనూ చెంచురామయ్యా పారలు పట్టుకుని వెనకే పోయాం. పాత ఇంటి కుప్ప దగ్గర ఆగి, కాలితో మట్టి పక్కకు నెట్టి, పునాది అంచు వెతికి పట్టుకుంది.

“ఈడ తవ్వండి.”

గోడ మందం ఎంత పెట్టమంటావని చెంచురామయ్య అడిగాడు.

“పొయ్యి పక్క గోడ మందంగా పెట్టు నాయనా,” అంది వదినె. “వీధి పక్కది మాత్రం కొంచెం పల్చగానే పెట్టు.”